మురుగునీటిలో వైరస్ పరీక్షలు: పక్కనే ఉంటే ప్రమాదమా?

ప్రశ్న: హైదరాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లోనే మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. అలాంటి కేంద్రాల్లో వైరస్‌ల కోసం పరీక్షలు చేస్తారని విన్నప్పటి నుంచి భయంగా ఉంది. మా పది నెలల మనవడికి పరీక్షలేమైనా చేయించాలా? ఇల్లు మారాలా?

జవాబు: ఇల్లు మారనక్కర్లేదు. బాబు హుషారుగా ఉంటే పరీక్షలూ అక్కర్లేదు. ఊరి జనంలో ఏ వైరస్ తిరుగుతోందో ఇంటింటికీ వెళ్లకుండా తెలుసుకోవడానికే ఈ పరీక్షలు చేస్తారు. పోలియో వైరస్ సోకిన పిల్లల్లో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు గానీ, వారి మలంలో మాత్రం వారాల తరబడి వైరస్ వెలువడుతూనే ఉంటుంది. అందుకే శుద్ధికి ముందు, కేంద్రంలోకి వచ్చే మురుగును సీసాలో పట్టి, చల్లగా ఉంచి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ దానిలోని వైరస్‌ను కణాలలో పెంచి, జన్యుక్రమాన్ని చూసి అది ఏ రకమో తేలుస్తారు.

2016లో హైదరాబాద్ మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన (చుక్కల మందులోని బలహీన వైరస్ మార్పు చెంది ఏర్పడిన) రెండో రకం పోలియో వైరస్ బయటపడింది ఇలాగే. పక్షవాతం వచ్చిన బిడ్డ ఒక్కరూ లేకపోయినా, ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో మూడేళ్లలోపు పిల్లలు దాదాపు 3 లక్షల మందికి పోలియో ఇంజెక్షన్ వేశారు. 2020లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు నగరంలోని శుద్ధి కేంద్రాల నీటిని పరిశీలించినప్పుడు, లోపలికి వచ్చే నీటిలో కరోనా ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యు పదార్థం) కనిపించింది, శుద్ధి అయ్యి బయటికి పోయే నీటిలో కనిపించలేదు. పైగా జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షలో ఆర్‌ఎన్‌ఏ దొరికినంత మాత్రాన వైరస్ బతికే ఉందని అర్థం కాదు.

నన్నడిగితే, శుద్ధి కేంద్రం కన్నా పగిలిన మంచినీటి పైపును చూసి భయపడాలి. మురుగు అందులో కలిస్తే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ ఎ, ఇ రెండూ ఇంట్లోకి రావచ్చు. గర్భిణులకు హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు. నల్లా నీరు రంగు మారినా, వాసన వచ్చినా జలమండలికి ఫిర్యాదు చేసి, బాగయ్యేదాకా తాగే నీటిని తెర్లేలా కాచి వాడండి.

ఇక బాబు టీకా కార్డు తీయండి. ప్రభుత్వ కేంద్రంలో వేయిస్తున్నట్లయితే, ఆరు, పద్నాలుగు వారాల ఐపీవీ (పోలియో ఇంజెక్షన్) డోసులతో పాటు తొమ్మిది నెలలు నిండాక వేసే మూడో డోసుకు ఎదురుగా తేదీ ఉందో లేదో చూడండి. అది 2023లోనే చేరింది కాబట్టి పెద్ద పిల్లల కార్డుల్లో కనిపించదు. మీ బాబు కార్డులో ఆ గడి ఖాళీగా ఉంటే మాత్రం ఈ వారమే తీసుకెళ్లండి.