నానీ, లడ్డూకి ఇన్సూరెన్స్ ఈ వారమే తీసుకో

నానీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను, లడ్డూ చెవులు చూస్తుంటేనే ముద్దొస్తున్నాయి. మీ అమ్మ మాత్రం "వీడికి పిల్లని చూద్దామంటే కుక్కపిల్లని తెచ్చుకున్నాడు" అని ఫోన్లో అరగంట వాయించింది, అది వేరే సంగతి. నువ్వు అడిగింది ఇన్సూరెన్స్ గురించి కదా, మెసేజ్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదని కూర్చుని రాస్తున్నా. మేం అమెరికా వచ్చి ఇరవై ఎనిమిదేళ్లు, ఈలోగా రెండు కుక్కల్నీ ఒక పిల్లినీ పెంచాం, ఒకసారి బాగానే దెబ్బ తిన్నాం కూడా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

"పది వారాల పిల్లకి ఏం రోగాలుంటాయి పెద్దమ్మా, ఏడాది అయ్యాక చూద్దాం" అన్నావు చూడు, అదే పొరపాటు. రోగాలేవీ లేవు కాబట్టే ఇప్పుడు తీసుకోవాలి. మన మనుషులకైతే ఇక్కడ 2014 నుంచి పాత జబ్బు ఉందని ఇన్సూరెన్స్ వాళ్లు కాదనడానికి వీల్లేదు. కుక్కలకి ఆ రక్షణ లేదురా. చట్టం దృష్టిలో లడ్డూ నీ కారు లాంటి ఆస్తి, దాని పాలసీ కూడా ఆస్తి ఇన్సూరెన్స్ కిందికే వస్తుంది. పాలసీ మొదలవక ముందు, లేదా మొదలయ్యాక కొన్నాళ్లు కవర్ లేకుండా ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్‌లో ఏ లక్షణం కనిపించినా అది పాత జబ్బే, చాలా పాలసీల్లో ఇక దానికి పైసా రాదు. వెట్, అదే పశువుల డాక్టర్, జబ్బుకి పేరు పెట్టి ఉండక్కర్లేదు, దగ్గిందనో గోక్కుంటోందనో ఫైల్లో ఒక లైను ఉంటే వాళ్లకి అది చాలు. ఇవాళ లడ్డూ ఫైలు తెల్లకాగితం. అది అలా ఉండగానే పాలసీ మొదలవ్వాలి.

మా కుక్క భీముడి సంగతి నీకు పూర్తిగా తెలీదనుకుంటా. వాడికి మూడేళ్లప్పుడు, వ్యాక్సిన్ కోసం వెళ్లినప్పుడు నేనే నోరు ఊరుకోక "నిన్నటి నుంచి ఎడమ వెనక కాలు కొంచెం తేలిగ్గా వేస్తున్నాడండీ" అన్నాను. డాక్టరమ్మ కాలు వంచి చూసింది, మోకాలు నొక్కి చూసింది, ఏమీ లేదంది, రెండు రోజులకి మాత్రలిచ్చింది, తగ్గిపోయింది. మేం మర్చిపోయాం. ఎనిమిది నెలల తర్వాత మీ పెదనాన్న ఎక్కడో చూసి, నెలకి 11 డాలర్లు తక్కువ వస్తోందని కంపెనీ మార్చారు. ఆ తర్వాత పది నెలలకి పెరట్లో ఉడత వెంట పడి భీముడు కుడి మోకాలి లిగమెంట్ తెంపుకున్నాడు. ఎముక కోసి ప్లేటు వేసే సర్జరీ చెయ్యాలన్నారు, బిల్లు 6,200 డాలర్లు. క్లెయిమ్ పెడితే పాత హాస్పిటల్ నుంచి రికార్డులన్నీ తెప్పించుకుని, ఆ ఒక్క లైను పట్టుకుని కాదన్నారు. ఎడమ కాలు కదండీ అప్పుడు, ఇది కుడి కాలు కదా అంటే, పాలసీలో ఒక షరతు ఉందట, ఒక పక్క మోకాలికో తుంటికో ముందే సమస్య ఉంటే రెండో పక్కది కూడా పాత జబ్బు కిందే లెక్కట. డాక్టరమ్మ ఉత్తరం రాసిచ్చింది, అప్పీలు చేశాం, అదీ పోయింది. పది నెలల్లో మేం మిగుల్చుకున్నది 110 డాలర్లు. ఆ లెక్క గుర్తు చేస్తే మీ పెదనాన్న ఇప్పటికీ టీవీ సౌండ్ పెంచుతారు.

దీన్నిబట్టి నీకు రెండు విషయాలు. తర్వాత మారదాంలే అనుకుని ఏదో ఒకటి చవగ్గా తీసుకోకు, ఎందుకంటే ఫైల్లో నాలుగు లైన్లు పడ్డాక కొత్త కంపెనీకి అవన్నీ పాత జబ్బులే. రెండోది, వెట్ దగ్గర నువ్వు ఏం చెప్తావో అదే రికార్డు. అబద్ధం చెప్పమనట్లేదు, దాచమనీ అనట్లేదు, అలా చేస్తే ముందు నష్టపోయేది ఆ మూగజీవే, పైగా అది మోసం. కానీ "ఎప్పట్నుంచో గోక్కుంటోంది" అని వాగొద్దు, అది మొన్న మంగళవారం మొదలైతే మొన్న మంగళవారం అనే చెప్పు. విజిట్ అయ్యాక నోట్స్ కాపీ అడిగి తీసుకో, అక్కడే చదువు, తప్పు పడితే అప్పుడే దిద్దించు. కొన్ని కంపెనీలు పాలసీ తీసుకోగానే నువ్వు అడిగితే రికార్డులు చూసి, ఇదిగో వీటికి మాత్రం కవర్ ఉండదు అని రాతపూర్వకంగా ఇస్తాయి. తప్పకుండా అడుగు. ఏది రాదో ఇప్పుడే తెలిస్తే క్లెయిమ్ రోజు టెన్షన్ ఉండదు.

ఇక ఏది చూడాలి. నీది గోల్డెన్ రిట్రీవర్. ఆ జాతికి తుంటి కీళ్ల సమస్య ఉంది, క్యాన్సర్లు ఎక్కువ, వీటన్నిటికంటే ముందు వచ్చేవి చర్మం అలర్జీలు, చెవి ఇన్ఫెక్షన్లు. క్యాన్సర్ పేరు చెప్తే అందరూ భయపడతారు గానీ మెల్లగా జేబు ఖాళీ చేసేది దురద. అపోక్వెల్ లాంటి మాత్రలో, నెలనెలా ఇంజెక్షనో మొదలైతే ఏళ్ల తరబడి నడుస్తుంది. అందుకని యాక్సిడెంట్లకి మాత్రమే ఇచ్చే చవక పాలసీ నీకు పనికిరాదు. యాక్సిడెంట్, జబ్బు రెండూ ఉన్నది తీసుకో, అందులో వంశపారంపర్య జబ్బులు, పుట్టుకతో వచ్చినవి కవర్ అవుతాయని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడు. ఒక ఏడాది మొదలైన జబ్బుకి రెన్యువల్ అయ్యాక కూడా ఇస్తారా అన్నది అంతకంటే ముఖ్యం. మాత్రలకి ఇస్తూ డాక్టర్ చూసిన ఫీజు మాత్రం నీ నెత్తినే పెట్టే పాలసీలూ ఉన్నాయి, అదీ చూసుకో.

వెల్‌నెస్ ప్లాన్ అని పక్కనే ఒక టిక్ పెట్టమంటారు. వ్యాక్సిన్లు, పేలూ పిడుదుల మందు, హార్ట్‌వార్మ్ మాత్రలు వగైరా. అది ఇన్సూరెన్స్ కాదు, నీ డబ్బే వాయిదాల్లో కట్టించుకుని మళ్లీ నీకే ఇవ్వడం. మాకు చెప్పినదాంట్లో ఏడాదికి 300 కడితే, ఒక్కో దానికి ఇంతే అని పరిమితులు పెట్టి, అన్నీ వాడుకున్నా 260 దాటట్లేదు. మొదటి ఏడాది వ్యాక్సిన్లు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అన్నీ కలిసొస్తాయి కాబట్టి ఒక్క ఏడాదికి లెక్క కుదిరితే కుదరొచ్చు, కాగితం మీద వేసుకుని చూడు.

డిడక్టిబుల్, అంటే బిల్లులో ముందు మన జేబులోంచి కట్టుకోవాల్సిన భాగం, దాని దగ్గర అందరూ తికమక పడతారు. ఉదాహరణకి బిల్లు 6,000, డిడక్టిబుల్ 500, వాళ్లిచ్చేది 80 శాతం అనుకో. ముందు 500 తీసేసి మిగతా 5,500లో 80 శాతం ఇస్తే నీకు 4,400 వస్తుంది. అదే ముందు 80 శాతం లెక్కగట్టి, అందులోంచి 500 తీస్తే 4,300. అంకెలన్నీ అవే, కంపెనీ లెక్క వేసే వరసని బట్టి వంద డాలర్లు తేడా. అది సరే, అసలు తేడా ఏడాదికి ఒకసారి కట్టే డిడక్టిబుల్‌కీ, జబ్బు జబ్బుకీ విడిగా కట్టే దానికీ మధ్య ఉంది. చిన్న కుక్కపిల్ల ఒకే ఏడాదిలో చెవికీ, కడుపుకీ, కాలికీ తిరుగుతుంది. ఒక్కోటీ 400 బిల్లు అయితే, విడివిడిగా 500 చొప్పున తీసేస్తే చేతికి సున్నా. జీవితాంతం ఉండే అలర్జీ ఒక్కటే ఉంటే మాత్రం ఆ జబ్బుకి జన్మలో ఒక్కసారే కట్టే పద్ధతి లాభం. నన్నడిగితే లడ్డూకి ఏడాది లెక్కదే తీసుకో. డిడక్టిబుల్ 500 పెట్టుకో, 100కి తగ్గించడానికి ప్రతి నెలా ఎక్కువ కట్టడం దండగ, చిన్న బిల్లులు నీ జీతంలోంచి కట్టుకోగలవు. ఏడాదికి ఇచ్చే మొత్తం పరిమితి మాత్రం 10,000కి తక్కువ వద్దు, పెద్ద సర్జరీ, నాలుగు రోజులు ఐసీయూ అంటే 5,000 లిమిట్ ఎటుపోయిందో తెలీదు.

ఇంకొకటి. మన హెల్త్ ఇన్సూరెన్స్‌లా కార్డు చూపించి వచ్చెయ్యడం కాదు ఇది. చాలా కంపెనీలకి ముందు నువ్వే మొత్తం కట్టాలి, బిల్లు అప్‌లోడ్ చేస్తే తర్వాత ఇస్తారు. ట్రూపానియన్ లాంటి కంపెనీలు, హాస్పిటల్ ఒప్పుకుంటే కౌంటర్ దగ్గరే నేరుగా వాళ్లకి కడతాయి. మామూలుదే తీసుకుంటే ఒక క్రెడిట్ కార్డు లిమిట్ ఖాళీగా ఉంచుకో. హాస్పిటల్లో కేర్‌క్రెడిట్ అని వైద్యం ఖర్చులకి వాడే క్రెడిట్ కార్డు తీసుకోమంటారు, ఆరు నెలలో పన్నెండు నెలలో వడ్డీ లేదంటారు, ఆ గడువులోగా ఒక్క డాలర్ మిగిలినా మొదటి రోజు నుంచీ వడ్డీ లెక్కగట్టి వేస్తారు, జాగ్రత్త.

రాత్రిపూట ఎమర్జెన్సీ అంటే ఏంటో నీకింకా తెలీదు. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం అయ్యాక, వచ్చినవాళ్లు భోజనాల హడావుడిలో ఉండగా భీముడు పీట మీద పెట్టిన రవ్వ ప్రసాదం గిన్నె మొత్తం నాకేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పావుగంట తర్వాత అందులో గుప్పెడు కిస్మిస్ వేశానని గుర్తొచ్చేదాకా. ద్రాక్ష, కిస్మిస్ కుక్కలకి కిడ్నీలు పాడు చేస్తాయి, ఎంత తింటే ప్రమాదమో కుక్క కుక్కకీ మారుతుంది. పట్టుచీరలోనే కారెక్కించుకుని పరిగెత్తాం, వాంతి చేయించారు, రెండు రోజులు సెలైన్ పెట్టి ఉంచారు, 2,900 డాలర్లు. మోకాలికి కాదన్న అదే కంపెనీ దీనికి మాత్రం మారుమాట లేకుండా తొమ్మిది రోజుల్లో డబ్బు వేసింది, ఉన్నమాట చెప్పాలి కదా. మన వంటిళ్లలో ఉల్లిపాయ, వెల్లుల్లి కూడా వీటికి విషమే, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ ఇంకా ఘోరం. నీ బ్యాక్‌ప్యాక్ నేలమీద పడేసే అలవాటు మానుకో.

ప్రీమియం ఎలాగూ పెరుగుతుంది. నీ సియాటిల్ జిప్ కోడ్‌కి టెక్సాస్‌లో మా ఫ్రిస్కో కంటే ఎక్కువే చెప్తారు, వయసుతో పాటు ఏటా పెంచుతారు కూడా. భీముడికి రెండేళ్లప్పుడు నెలకి 48 కట్టేవాళ్లం, తొమ్మిదేళ్లకి 131 అయింది. నువ్వు ఇవాళ చూసే అంకెతో మురిసిపోకుండా, ఇదే జాతికి ఎనిమిదేళ్ల వయసు వేసి కూడా ఒక కొటేషన్ తీసి చూడు, పదేళ్లూ కట్టగలవో లేదో అప్పుడు తెలుస్తుంది. మీ ఆఫీసులో బెనిఫిట్స్ కింద డిస్కౌంట్ ఉంటే మంచిదే, కానీ ఉద్యోగం పోతే పాలసీ నీతో వస్తుందా అని హెచ్ఆర్‌ని అడుగు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడివి, లేఆఫ్ అయిన రోజు కుక్క పాలసీ గురించి ఆలోచించే స్థితిలో ఉండవు. ఇండియా వెళ్లేటప్పుడు కూడా, లడ్డూని ఎవరింట్లో వదిలినా వాళ్లకి ట్రీట్‌మెంట్ చేయించే అధికారం ఇస్తూ వెట్ దగ్గర కాగితం పెట్టి, కార్డు నంబరు ఫైల్లో ఉంచి వెళ్లు. విజయవాడ తీసుకెళ్దామనుకుంటే, ఈ పాలసీలు సాధారణంగా అమెరికా, కెనడా దాటి పనిచెయ్యవు.

మీ రూమ్మేట్ పిల్లి గురించి అడిగావు. ఇంట్లోనే ఉండే పిల్లికి ఎందుకులే అంటారు అందరూ. మగ పిల్లి అయితే మూత్రం అడ్డుపడే జబ్బు ఒకటి ఉంది, లిట్టర్ బాక్స్‌లో కూర్చుని ముక్కుతుంది గానీ చుక్క రాదు, గంటల మీద ప్రాణం మీదికొస్తుంది, బిల్లు వేలల్లో. చిన్న పిల్లి అయితే తీసుకోమను, కుక్కతో పోలిస్తే సగం ధర. మా పిల్లి బెల్లానికి మాత్రం నేను తీసుకోలేదు, వాడు మాకు దొరికేసరికే పదకొండేళ్లు, కిడ్నీ రిపోర్టు అప్పటికే రికార్డులో ఉంది, దాన్ని వదిలేసి మిగతావాటికి ప్రీమియం కట్టడం నాకు నచ్చలేదు. నెలకి 60 డాలర్లు విడిగా ఒక ఖాతాలో వేస్తున్నా. లడ్డూకి కూడా అలా చేద్దామనుకోకు, ఆరో నెలలో సాక్సు మింగితే నీ ఖాతాలో 360 ఉంటాయి.

చివరిగా, వెబ్‌సైట్లో నవ్వుతున్న కుక్క బొమ్మల్ని చూడటం ఆపి శాంపిల్ పాలసీ పీడీఎఫ్ తెరువు. అందులో "ఎక్స్‌క్లూజన్స్", అంటే దేనికి కవర్ ఉండదో చెప్పే పేజీ, రెండుసార్లు చదువు. రెండు పక్కల షరతు ఉందా, కీళ్లకి వెయిటింగ్ ఎన్ని రోజులు, పళ్ల జబ్బుకి ఏటా క్లీనింగ్ చేయించాలన్న నిబంధన ఉందా చూడు. అడుగున చిన్న అక్షరాల్లో అసలు పూచీ ఏ కంపెనీదో ఉంటుంది, పైన పేరు వేసుకున్నవాళ్లు చాలాసార్లు అమ్మేవాళ్లే. మొదటి 15 రోజుల్లోనో 30 రోజుల్లోనో, రాష్ట్రాన్ని బట్టి, క్లెయిమ్ పెట్టకపోతే పాలసీ వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు, ఆ గడువు క్యాలెండర్లో పెట్టుకో. అన్యాయంగా క్లెయిమ్ కాదంటే ముందు అప్పీలు, ఆ తర్వాత మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్ ఆఫీసుకి ఫిర్యాదు, ఆన్‌లైన్లోనే పెట్టొచ్చు, ఖర్చులేదు. మేం ఆ రెండోది చెయ్యలేదు, అప్పట్లో తెలీదు.

ఆదివారం పొద్దున్న ఫోన్ చెయ్యి, నీకు నచ్చిన మూడు కొటేషన్లూ స్క్రీన్ మీద పెట్టు, కలిసి చూద్దాం. ఈలోగా లడ్డూని వెట్ దగ్గరికి మొదటి చెకప్‌కి తీసుకెళ్లు, పాలసీ ఉన్నా లేకపోయినా అది ఆగకూడదు.

మీ పెద్దమ్మ