గ్రీవెన్స్ అర్జీతో ఉద్యోగం తిరిగి రాదు

2025 మార్చిలో మీరు పనిచేసే సేవాసంస్థ వంటమనిషితో సహా మీ ముగ్గురినీ నోటిమాటతో తీసేస్తే నెల్లూరు కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కి అర్జీ పెట్టి ఎదురుచూస్తున్నారు. ఆగింది అక్కడే. లేబర్ కోర్టు మెట్లెక్కడానికి ఆ రసీదు పనికిరాదు.

"మాది సేవాసంస్థ, కార్మిక చట్టం వర్తించదు" అని సంస్థవాళ్లు అంటే జంకకండి. జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుని నడిపే ధర్మసంస్థ కూడా ఆ చట్టం వర్తించే "పరిశ్రమ" కిందికి రావచ్చని 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో సుప్రీంకోర్టు తీర్పు. 2025 నవంబరు 21న పాత చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ సేవాసంస్థల్ని మినహాయించింది గానీ, మీ తొలగింపు అంతకు ముందుది. అందుకే తీసేసిన తేదీని కింద చెప్పే అర్జీలో మొదటి పేరాలోనే రాయండి.

1. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 2ఎ సెక్షన్ కింద, ఎవరికి వారు విడిగా, కార్మిక శాఖలో కన్సిలియేషన్ ఆఫీసర్‌కి (రాజీ కుదిర్చే అధికారికి) అర్జీ ఇవ్వండి.

2. మీ కాపీ మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. 45 రోజుల లెక్క అర్జీ అందిన తేదీ నుంచే. అప్పటికీ రాజీ కుదరకపోతే ప్రభుత్వం వివాదాన్ని కోర్టుకు పంపేదాకా ఆగక్కర్లేదు, నేరుగా లేబర్ కోర్టులో వేయొచ్చు. ముద్ర లేకుంటే ఆ తేదీని రుజువు చేయలేక ఇబ్బంది పడతారు. ఆ 1947 చట్టంలో మొత్తం గడువు తీసేసిన రోజు నుంచి 3 ఏళ్లు.

3. తీసేసే ముందు 12 నెలల్లో 240 రోజులు పనిచేసినట్టు ఆధారం కావాలి: జీతం పడ్డ పాస్‌బుక్ పేజీలు, పీఎఫ్ ఖాతా. వంటమనిషికి జీతం చేతికిచ్చి ఉంటే, సరుకులు దించుకున్న బిల్లుల మీద ఆమె సంతకాలు చాలా పనికొస్తాయి.

4. వేరే పని దొరకలేదన్నది నిజమైతే ఆ ముక్క తప్పక రాయండి. తీసేసిన కాలానికి రావాల్సిన జీతం చాలావరకు దాని మీదే తేలుతుంది.

ఈలోగా "ఫుల్ అండ్ ఫైనల్" (ఇక బాకీ ఏమీ లేదనే) కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు.