విప్పకముందే కొలవండి: పాత చిన్న కార్ల ఇంజిన్లపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే బాధ: కారు పాతదైంది, ఇంజిన్ పని చేయించాలంటున్నారు, చేయించాలా వద్దా అని. కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. కొన్ని పొడుగ్గా ఉంటాయి, ఎందుకంటే సగం చెప్పి వదిలేస్తే నష్టపోయేది మీరే.

ప్రశ్న: పద్దెనిమిదేళ్ల నాటి చిన్న పెట్రోల్ కారు, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తుంది, రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. ఆయిల్ కూడా కొద్దికొద్దిగా తగ్గుతోంది. మెకానిక్ చూసి బోరు పోయింది, ఇంజిన్ దించాల్సిందే అన్నారు. దించమనేదా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీరు రాసిందాన్ని బట్టి తప్పు బోరుది, అంటే పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడది, కాకపోవచ్చు. స్టార్ట్ చేయగానే పొగ వచ్చి తర్వాత ఆగిపోతోందంటే నా మొదటి అనుమానం వాల్వ్ స్టెమ్ సీల్స్ మీద. ఏళ్ల తరబడి వేడికి ఆ చిన్న రబ్బరు టోపీలు రాయిలా గట్టిపడతాయి. బండి రాత్రంతా ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ పైభాగమైన హెడ్డులో మిగిలిన ఆయిల్ వాల్వు కాడ వెంట బొట్టుబొట్టుగా లోపలికి జారుతుంది, పొద్దున అదే కాలి నీలంగా బయటికొస్తుంది. దీన్ని తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పొడవైన దిగుడు మీద యాక్సిలరేటర్ వదిలేసి గేరులోనే దిగండి, కిందికి వచ్చాక మళ్లీ తొక్కి అద్దంలో వెనక్కి చూడండి. ఒక్కసారి గుప్పుమని పొగ వచ్చి ఆగిపోతే దాదాపుగా సీల్సే. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగితే పొగ అలా ఉండదు, ఇంజిన్ వేడెక్కాక కూడా, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, వెంట వస్తూనే ఉంటుంది.

అయినా చూపుతో తీర్పు చెప్పడం నాకిష్టం ఉండదు, కంప్రెషన్ గేజ్ పెట్టి సిలిండర్లలో ఒత్తిడి కొలిపించండి. ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసేయాలి, ఇగ్నిషన్, పెట్రోలు రెండూ ఆపేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకొని ఒక్కో సిలిండర్‌ని ఐదారు చుట్లు తిప్పాలి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. థ్రాటిల్ మూసి ఉంటే గాలి సరిగా వెళ్లదు, మంచి ఇంజిన్ కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. అంకె ఎంత వచ్చిందన్న దానికన్నా సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. అన్నీ పది శాతం లోపు తేడాతో ఉండి, మీ కారు మాన్యువల్‌లో రాసిన కనీస అంకె కంటే పైన ఉంటే బోరు జోలికి వెళ్లొద్దు. ఒక సిలిండర్ తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులో బోరో అరిగినట్టు, ఎందుకంటే ఆ ఆయిలే కాసేపు సందుని మూసింది. పెరగకపోతే లీకు పైన ఉంది, వాల్వు కావచ్చు, హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ కావచ్చు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిందేమో చూడండి.

ఇంకో చిన్న వస్తువు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: పీసీవీ వాల్వు. ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి లాగేది అదే. అది మురికితో మూసుకుపోతే ఇంజిన్ అడుగున ఉండే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల దగ్గర కారుతుంది, తెరిచినట్టే ఉండిపోతే ఆయిల్ ఆవిరి ఎక్కువగా లోపలికి పోయి కాలుతుంది. తీసి చెవి దగ్గర ఊపి చూడండి, చాలా కార్లలో బాగున్న వాల్వు టిక్కు టిక్కుమంటుంది.

ఇన్నీ చూశాక తప్పు సీల్స్‌దేనని తేలితే, చాలా ఇంజిన్లలో హెడ్డు కూడా దించక్కర్లేదు. ప్లగ్ రంధ్రంలోంచి మెత్తని నైలాన్ తాడు లోపలికి కూరి, వాల్వులు మూసి ఉన్న స్ట్రోకులో పిస్టన్‌ని నెమ్మదిగా పైకి తిప్పితే ఆ తాడు వాల్వుల్ని కింద పడకుండా పట్టుకుంటుంది, పైనుంచి స్ప్రింగు తీసి సీలు మార్చేయవచ్చు. తాడు చివర మాత్రం బయటే ఉంచండి.

ప్రశ్న: పాత ఇంజిన్ కదా అని చిక్కటి ఆయిల్ పోయమంటున్నారు. నిజమేనా?

జవాబు: మాన్యువల్ ఒప్పుకునే గ్రేడుల్లోనే ఒక మెట్టు చిక్కనిది పోస్తే పోయండి, అరిగిన ఇంజిన్లో వేడిమీద ప్రెషర్ కాస్త నిలబడుతుంది. అంతకు మించి చిక్కనిది పోస్తే చల్లటి స్టార్టులో పైనుండి వాల్వుల్ని తెరిచే క్యామ్‌కి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, అరుగుదల ఎక్కువ జరిగేది సరిగ్గా అప్పుడే. చప్పుడు తగ్గింది కదా అని సంతోషపడొద్దు, అది దాగింది అంతే. ఆయిల్ లైటు ప్రెషర్ బాగా పడిపోయాక గానీ వెలగదు కాబట్టి ఒకసారి గేజ్ పెట్టించి అసలు ప్రెషర్ ఎంతుందో తెలుసుకోండి.

ప్రశ్న: దారిలో ఒకసారి కారు బాగా వేడెక్కి ఆగిపోయింది. అప్పటినుంచి రేడియేటర్లో నీళ్లు తగ్గుతున్నాయి, బయట ఎక్కడా కారడం లేదు. థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుందని ఒకాయన చెప్పారు.

జవాబు: ఆ సలహా దయచేసి పాటించకండి. చాలా కార్లలో థర్మోస్టాట్ 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది, అంతవరకూ ఇంజిన్‌ని త్వరగా వేడెక్కనివ్వడమే దాని పని. అది లేకపోతే ఇంజిన్ చల్లగా నడుస్తుంది, పూర్తిగా కాలని పెట్రోలు బోరు గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కింద ఆయిల్ ఉండే సంపులో కలుస్తుంది, రింగులు త్వరగా అరుగుతాయి. అనుమానం ఉంటే థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్లలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. ఎంత వేడికి తెరుచుకుంటోందో కళ్లముందే కనిపిస్తుంది.

మీ అసలు సమస్య హెడ్ గ్యాస్కెట్ అని నా అనుమానం. ఈ కార్లలో చాలావాటికి బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా రెండింతలు వ్యాకోచిస్తుంది, ప్రతిసారీ ఆ కదలికని మధ్యలో ఉన్న గ్యాస్కెట్టే భరించాలి. మామూలు వేడికి భరిస్తుంది, ఒక్కసారి హద్దు దాటితే హెడ్డు వంగుతుంది. చల్లటి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడండి, నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్లోని గ్యాసు అటు పోతున్నట్టే. ప్లగ్గులన్నీ తీసి వరసగా పెట్టండి, ఒకటి మిగతావాటికన్నా మరీ శుభ్రంగా, కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్లోకి నీళ్లు వెళ్తున్నాయి. ఆయిల్ మూత కింద మీగడలాంటిది కనిపించిందని మాత్రం వెంటనే కంగారుపడకండి, రోజూ దగ్గర దూరాలే తిరిగే బండికి తేమ వల్ల కూడా అది పేరుకుంటుంది. డిప్‌స్టిక్ మీద కూడా అదే కనిపిస్తే అప్పుడు టెన్షన్ పడాలి.

హెడ్డు విప్పాల్సి వస్తే పూర్తిగా చల్లారాకే విప్పించండి. లేత్‌కి పంపే ముందు తిన్నని ఉక్కు బద్ద పెట్టి, సందులు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్‌తో పొడుగునా, అడ్డంగా, మూలమూలకీ కొలవమనండి; 0.05 మిల్లీమీటర్ల రేకు దూరుతోందంటే చాలా ఇంజిన్లకు అది హద్దు. ఇంకో మాట, పగులు ఉందేమో పరీక్ష చేయించకుండా హెడ్డుని చెక్కించొద్దు. చెక్కించిన తర్వాత పగులు బయటపడితే అంతా వృథా.

కొత్త గ్యాస్కెట్ వేశాక వట్టి కొళాయి నీళ్లు పోయకండి, లోపల తుప్పు, సున్నం పేరుకొని మళ్లీ అదే కథ. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ సగానికి సగం కలపండి, రేడియేటర్ మూత కూడా మార్చండి. ఆ మూత పట్టి ఉంచే ఒత్తిడి వల్లే నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. (పాత బీటిల్ నడిపేవాళ్లు కూడా ఇద్దరు రాశారు. మీది గాలితో చల్లబడే ఇంజిన్, నీళ్ల గొడవ లేదు గానీ కూలింగ్ ఫ్యాన్‌ని తిప్పేది వెనకున్న బెల్టే. అది తెగితే ఇంకొక్క కిలోమీటరే కదా అనుకోకుండా అక్కడే ఆపేయండి.)

ప్రశ్న: మొదటిసారి నా చేతులతోనే ఇంజిన్ విప్పి కట్టాలని ఉంది. పనిముట్లు ఉన్నాయి, ఓపిక ఉంది. ఎక్కడ తప్పు జరుగుతుందో చెప్పండి.

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది. చిన్న కారు ఇంజిన్‌తో మొదలుపెట్టడం మంచి ఆలోచన, భాగాలు తక్కువ, బరువు తక్కువ.

విప్పేటప్పుడే సగం పని ఉంది. మెయిన్ బేరింగ్ క్యాపులు, కనెక్టింగ్ రాడ్ క్యాపులు దేని స్థానంలో అదే, అదే దిక్కుగా పడాలి. మెయిన్ క్యాపులు బ్లాకుతో, రాడ్ క్యాపులు తమ రాడ్డుతో కలిపి బిగించి తొలిచినవి, తారుమారైతే రంధ్రం గుండ్రంగా ఉండదు. అందుకే విప్పకముందే ప్రతి దానికీ గుర్తు పెట్టండి. రాడ్డు బోల్టులకు చిన్న రబ్బరు గొట్టం తొడిగి పిస్టన్‌ని బయటికి తీస్తే పిస్టన్లు తిప్పే క్రాంకు మీద గీత పడదు.

తర్వాత బోరు. పైఅంచు కిందుగా వేలి గోరుతో రాసి చూడండి. గోరు ఒక గట్టుకి తగిలి ఆగుతుంది. రింగు చేరని చోటు అరగకుండా మిగిలిపోయిందే ఆ గట్టు. అది బాగా తెలుస్తోందంటే బోరు గేజ్‌తో పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా కొలవాలి, ఎందుకంటే బోరు పైన ఎక్కువ, కింద తక్కువ అరుగుతుంది. హద్దు దాటితే రీబోర్ చేయించి, అంటే బోరుని పెద్దది చేయించి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి, పిస్టన్లు చేతిలోకి వచ్చాక, వాటిని కొలిచి ఆ కొలతకే బోరు కొట్టించాలి. హద్దులోనే ఉంటే హోనింగ్ చేసి, అంటే రాయితో బోరు గోడ మీద సన్నటి అడ్డగీతలు పెట్టి, కొత్త రింగులు చాలు.

రింగు గ్యాప్ చూడకుండా పిస్టన్‌కి ఎక్కించొద్దు. రింగుని బోరులో పెట్టి, పిస్టన్‌ని తలకిందులుగా పట్టుకొని దాంతో కిందికి నెట్టండి, అప్పుడు రింగు తిన్నగా కూర్చుంటుంది. ఆ సందులో ఫీలర్ గేజ్ పెట్టి కొలవండి. ప్రతి 25 మిల్లీమీటర్ల బోరుకి దాదాపు 0.1 మిల్లీమీటర్ అన్నది మోటు లెక్క. మారుతి 800 లాంటి 796 సీసీ ఇంజిన్లో బోరు 68.5 మిల్లీమీటర్లు, అంటే గ్యాప్ సుమారు 0.27 దగ్గర ఉంటుంది. చివరి మాట మాత్రం మాన్యువల్‌దే. గ్యాప్ మరీ తక్కువైతే వేడికి రింగు కొసలు ఒకదానికొకటి ఆనుకొని రింగు విరుగుతుంది, బోరు చీరుకుపోతుంది.

ఇక కడగడం. దీని గురించి కాస్త గట్టిగా చెప్తాను, నేను పడ్డాను కాబట్టి. మొదట్లో ఒక ఇంజిన్‌కి హోనింగ్ చేశాక కిరోసిన్ గుడ్డతో తుడిచి, మెరుస్తోంది కదా అని కట్టేశాను. కొన్ని నెలల్లోనే రింగులు మళ్లీ పోయాయి. విప్పి చూస్తే బోరుకి నిలువుగా సన్నటి గీతలు. హోనింగ్ రాయి నుంచి రాలిన పొడి ఆ అడ్డగీతల్లో ఇరుక్కొని ఉంటుంది, కిరోసిన్, పెట్రోలు దాన్ని పైపైన తిప్పుతాయే గానీ ఎత్తి బయట పడేయవు. వేడి నీళ్లు, సబ్బు, గట్టి బ్రష్‌తో రుద్దాలి. కడిగి, తెల్లటి గుడ్డకి కాస్త ఆయిల్ రాసి బోరు లోపల తుడిస్తే గుడ్డ బూడిదరంగు అవుతుంది. మళ్లీ కడగండి. గుడ్డ తెల్లగానే బయటికి వచ్చేదాకా ఎన్నిసార్లైనా సరే. అయిపోయిన వెంటనే ఆరబెట్టి ఆయిల్ రాయండి, కడిగిన ఇనుము చూస్తుండగానే తుప్పు పడుతుంది. ఆ రోజు నుంచి ఈ ఒక్క పనిలో నేను తొందరపడలేదు.

బేరింగ్ సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే సన్నటి ప్లాస్టిక్ తీగ దొరుకుతుంది. బేరింగులో తిరిగే క్రాంకు భాగం, అంటే జర్నల్ మీద ముక్క పెట్టి క్యాపు పూర్తి టార్కుతో బిగించి, మళ్లీ విప్పి, నలిగిన వెడల్పుని కవరు మీది కొలతతో పోల్చాలి. లోపల అది ఉండగా క్రాంకుని పొరపాటున కూడా తిప్పకూడదు. గ్యాస్కెట్ పేస్టు పలచగా రాయండి. ఎక్కువ రాస్తే లోపలికి పొంగి, ముక్కలై రాలి, ఆయిల్ పంపు జల్లెడకి అడ్డుపడుతుంది. హెడ్ బోల్టులు బిగించే ముందు వాటి రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ లేకుండా ఊది శుభ్రం చేయాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ద్రవం ఉంటే బోల్టు బిగిస్తున్నప్పుడు బ్లాకే పగలొచ్చు. మధ్య నుంచి బయటికి, రెండు మూడు దఫాలుగా బిగించండి.

ప్రశ్న: ఇంజిన్ పని చేయించి వారమైంది. రింగులు కూర్చోవాలని రోజూ గంటసేపు ఐడిల్‌లో పెడుతున్నాను. ఇంకెన్ని రోజులు?

జవాబు: ఇవాళే ఆపేయండి. రింగు బోరు గోడకి ఒత్తుకునేది చాలావరకు మంటల ఒత్తిడి దాని వెనక్కి చేరడం వల్ల. ఐడిల్‌లో ఆ ఒత్తిడి దాదాపు ఉండదు, గోడ నునుపెక్కి రింగు ఎప్పటికీ కూర్చోదు. రోడ్డెక్కండి. ఇంజిన్ వేడెక్కాక, మధ్యస్థ వేగంలో యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కి, తర్వాత వదిలేసి గేరులోనే నెమ్మదించనివ్వండి, ఇలా పదే పదే. ఒకే వేగంతో గంటల తరబడి పోకండి, ఇంజిన్‌ని చివరంటా పరిగెత్తించకండి. దాదాపు 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్ కోసి చూడండి. సన్నటి మెరుపు మామూలే, రేకులుగా లోహం కనిపిస్తే మాత్రం నడపొద్దు. వాల్వుల్ని నొక్కే ట్యాపెట్ల సందు కూడా అప్పుడే మళ్లీ సరిచూడాలి.

ప్రశ్న: ట్యాపెట్ చప్పుడు అస్సలు రాకుండా బిగించమని అడగొచ్చా?

జవాబు: వద్దు. స్క్రూతో సరిచేసే ట్యాపెట్లలో కాస్త టిక్కుటిక్కు ఉండాలి. వాల్వు తన వేడిని ఎక్కువగా సీటుకి తగిలినప్పుడే వదిలించుకుంటుంది. సందు లేకుండా బిగిస్తే అది పూర్తిగా మూసుకోదు, ముందు ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది.

ప్రశ్న: నాన్నగారి కారు ఆరేళ్లుగా షెడ్డులో కదలకుండా ఉంది. కొత్త బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేయొచ్చా?

జవాబు: ఆ సెల్ఫ్ కొట్టకముందు ఒక రోజు కేటాయించండి. ట్యాంకులోని పాత పెట్రోలు మొత్తం తీసేయండి, ఆయిల్, ఫిల్టర్ మార్చండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి, ఎండిపోయిన రింగులు తడవాలి. క్రాంకు నుంచి క్యామ్‌ని తిప్పే టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే దాన్ని కూడా మార్చండి, కిలోమీటర్లు తిరగకపోయినా రబ్బరుకి వయసు పడుతుంది. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్ వెళ్లి వాల్వుల్ని కొడుతుంది. కొత్త బెల్ట్ వేశాక న్యూట్రల్‌లో పెట్టి, క్రాంకు పుల్లీ బోల్టుకి స్పానర్ పెట్టి చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పండి, క్యామ్ ఒక చుట్టు తిరగాలంటే క్రాంకు రెండు తిరగాలి. రెండు చుట్ల తర్వాత టైమింగ్ గుర్తులు మళ్లీ ఎదురెదురుగా రావాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు అనిపిస్తే బలం పెట్టకండి, స్పానర్ వదిలేసి బెల్ట్ మళ్లీ విప్పండి. నున్నగా తిరిగితే, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పి, ఆ తర్వాత ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి.