అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉన్న ఎల్కేడర్ అనే ఊరికి అరబ్బు పేరు ఎలా వచ్చింది?

అది అరబ్బు పేరే. అల్జీరియాలో ఫ్రెంచి సైన్యాన్ని ఏళ్ల తరబడి ఎదిరించిన అమీర్ అబ్దుల్ ఖాదిర్ పేరు మీద పెట్టారు. అమెరికాలో ఒక ఊరికి అరబ్బు వీరుడి పేరు ఉండటం చాలా అరుదు.

1846లో టిమోతీ డేవిస్, జాన్ థాంప్సన్, చెస్టర్ సేజ్ అనే ముగ్గురు టర్కీ నది ఒడ్డున స్థలాలు కొలిపించి ఊరు వేశారు. ఆ నీటి వాలు పిండి మరకు పనికొస్తుందన్నది వాళ్ల లెక్క. పేరు పెట్టింది డేవిస్ అంటారు. ఆయన వకీలు, తర్వాత అమెరికా కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. అప్పటికి అబ్దుల్ ఖాదిర్ ఇంకా పోరాడుతూనే ఉన్నాడు, లొంగిపోయింది 1847 డిసెంబరులో. అంటే చరిత్రలో కలిసిపోయిన మనిషి పేరు కాదు, ఆనాటి పత్రికల్లో నలుగుతున్న పేరు.

ఇందులో ఒక తమాషా ఉంది. 'అబ్ద్' అంటే దాసుడు, 'అల్ ఖాదిర్' అంటే సర్వశక్తిమంతుడు, అంటే దేవుడు. ఊరివాళ్లు మొదటి ముక్క వదిలేశారు. రామదాసులో దాసును తీసేసి రాముణ్ణి మిగిల్చినట్టన్నమాట!

క్లేటన్ కౌంటీకి ఇదే కేంద్రం, మన జిల్లా కేంద్రం లాంటిది. జనాభా మాత్రం పన్నెండు వందలకు అటూ ఇటూ. నది మీద 1889లో కట్టిన రెండు కమానుల రాతి వంతెన ఇప్పటికీ ఉంది. అమీర్ పుట్టిన ప్రాంతంలోని మస్కారా పట్టణంతో 1980లలో సోదర నగర బంధం కూడా కుదుర్చుకున్నారు.