పిల్లల ఆస్తమాలో శ్వాసనాళాల వాపు ఎన్ని రకాలు? సీబీపీ రక్తపరీక్షలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) 6 శాతం అంటే ఏమిటి?

కఫంలో ఏ కణాలు ఎక్కువున్నాయో చూసి నాలుగు రకాలంటారు: ఇయోసినోఫిలిక్, న్యూట్రోఫిలిక్ (న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు ఎక్కువున్నది), రెండూ కలిసినది, ఏవీ పెద్దగా లేనిది.

పిల్లల్లో ముఖ్యమైనది మొదటిదే. అలర్జీతో వస్తుంది, హైదరాబాద్‌లో వానాకాలపు చెమ్మ, పరుపుల్లోని డస్ట్ మైట్స్ (కంటికి కనపడని సూక్ష్మ పురుగులు), ఖాళీ ప్లాట్లలో పెరిగే వయ్యారిభామ పుప్పొడి దీన్ని రెచ్చగొడతాయి. పీల్చే స్టెరాయిడ్‌కు బాగా లొంగేదీ ఇదే. తెల్లకణాలు 10,000 ఉండి ఇయోసినోఫిల్స్ 6 శాతమైతే లెక్క 600. 300 దాటితే ఈ రకాన్ని అనుమానిస్తారు. కానీ కడుపులో నులిపురుగులున్నా ఈ లెక్క పెరుగుతుంది, కాబట్టి ఆ ఒక్క రిపోర్టు చాలదు. ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ పరీక్ష (ఫీనో) 35 పీపీబీ దాటితే అనుమానం బలపడుతుంది. స్టెరాయిడ్ మొదలుపెట్టాక ఫీనో తగ్గిపోతుంది, వీలైతే ముందే చేయించాలి.

న్యూట్రోఫిల్స్ వైరల్ జలుబు, సిగరెట్ పొగ, బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ వల్ల పెరుగుతాయి. స్టెరాయిడ్ అంతగా పనిచేయదు. నాలుగో రకంలో నాళాల కండరం బిగుసుకోవడమే ప్రధానం.

పిల్లల్లో వాపు రకం స్థిరం కాదు, నెలల్లో మారొచ్చు. మందు పనిచేయట్లేదంటే రకం కంటే ముందు స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) వాడే తీరు చూడండి: ఇన్‌హేలర్ బాగా ఊపి, ఒక పఫ్ కొట్టి, 5-6 సార్లు మామూలుగా ఊపిరి పీల్పించాలి. రెండు పఫ్‌లు ఒకేసారి కొడితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప మందు వేయించినా సరే, ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి.