ఎన్నారై సందేహాలు: వింటర్ టైర్లు దండగ ఖర్చా?

ప్రశ్న: అన్నా, మాది కడప. ఆగస్టులో టొరంటో పక్కన బ్రాంప్టన్‌కు వచ్చినాం. ఆరేళ్ళ పాత కారొకటి కొన్నాను, ఆల్ సీజన్ టైర్లున్నాయి. చలికాలానికి వేరే టైర్లు వేయించాలంటున్నారు. వెయ్యి డాలర్ల ఖర్చు నిజంగా అవసరమా?

జవాబు: అవసరమే తమ్ముడూ. వెయ్యి డాలర్లంటే అరవై వేల రూపాయల పైమాటే అని లెక్క కట్టుకుని ఈ ప్రశ్న అడిగి ఉంటావు. అనంతపురం నుంచి వచ్చిన కొత్తలో నేనూ ప్రతిదాన్నీ అట్లే గుణించి చూసినవాణ్నే. జీతం డాలర్లలో వస్తుంటే లెక్కా డాలర్లలోనే వెయ్యి. మంచులో జారి ముందు బండిని గుద్దినావంటే తప్పు నీదే అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇన్సూరెన్స్ ముందే ఎక్కువ, ఆపైన ఏళ్ళ తరబడి పెంచుతారు. దాని ముందు టైర్ల ఖర్చెంత?

ఆల్ సీజన్ అన్న పేరు చూసి మోసపోవద్దు. 7 డిగ్రీల కిందికి పోయేకొద్దీ ఆ రబ్బరు బిగుసుకుంటుంది. మనింట్లో కొబ్బరినూనె సీసా చలికి గడ్డకట్టినట్టే అనుకో. మంచు లేని పొడి రోడ్డు మీద కూడా పట్టు తగ్గుతుంది. అసలైన వింటర్ టైరు పక్కన మూడు కొనల కొండ, దానిలోపల మంచు రేకు బొమ్మ ఉంటుంది. వట్టి ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అని ఉంటే చాలదు.

మనవాళ్ళు ఇక్కడ చేసే పెద్ద తెలివి రెండే టైర్లు కొనడం. ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది కాబట్టి ముందు రెండూ మారిస్తే చాలనుకుంటారు. మలుపులో బ్రేకు వేస్తే ముందు చక్రాలు రోడ్డును పట్టుకుంటాయి, వెనకవి పట్టుకోవు. బండి తోక తిరిగి అడ్డంగా నిలుస్తుంది. కొంటే నాలుగూ కొను. స్టీలు రిమ్ములతో సహా కొంటే ప్రతి ఏడూ రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కించే కూలి తగ్గుతుంది. చలికాలమంతా పాత టైర్లు అరగకుండా ఇంట్లో ఉంటాయి కాబట్టి ఖర్చు రెట్టింపేమీ కాదు.

సెకండ్ హ్యాండ్ కొంటానంటే టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు చూడు. 3821 అంటే 2021లో 38వ వారం తయారైందని. ఆరేళ్ళు దాటితే రబ్బరు ముదిరిపోయినట్టే. గాడి లోతు 4 మి.మీ. కంటే తక్కువుంటే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఒంటారియోలో 2016 నుంచి వింటర్ టైర్లకు ఇన్సూరెన్స్ కంపెనీలు తగ్గింపు ఇవ్వాలి. పెద్ద మొత్తం కాదు గానీ రశీదు పెట్టి అడుగు. పక్కనున్న క్యుబెక్‌లోనైతే అక్కడ రిజిస్టరైన బండ్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఈ టైర్లు తప్పనిసరి. మిగతా రూల్సు ప్రభుత్వ సైటులో చూసుకో.

గాలి సంగతి. చలి సుమారు ఐదున్నర డిగ్రీలు పెరిగితే టైరులో గాలి ఒత్తిడి ఒక పి.ఎస్.ఐ. పాయింటు తగ్గుతుంది. సెప్టెంబరులో పట్టిన గాలి జనవరికి ఐదారు పాయింట్లు దిగుతుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. టైరు మీద రాసింది గరిష్ఠం, అది పట్టించొద్దు. పొద్దున్నే, బండి కదలకముందే చూడు.

వాషర్ ట్యాంకులో నీళ్ళు పోయొద్దు. నాలుగు డాలర్లు మిగులుతాయని నేనూ పోసినవాణ్నే. గడ్డకట్టి పంపు పగలడం ఒక నష్టం. హైవే మీద అద్దానికి కొట్టిన నీళ్ళు అక్కడికక్కడే తెల్లటి పొరగా బిగుసుకుని దారి కనపడకపోవడం అసలు ప్రమాదం. మైనస్ 35 అని రాసిన నీలం ద్రవం డబ్బా కొను. రేడియేటరు కూలెంటుకు లెక్క వేరే. అందులో ఉండే గ్లైకాల్ అనే ద్రవం నీళ్ళు కలపకుంటే మైనస్ 12, 13 దగ్గరే గడ్డకడుతుంది, సగం నీళ్ళు కలిపితే మైనస్ 37 దాకా ఆగుతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలనుకోవద్దు.

బ్యాటరీ నాలుగేళ్ళు దాటిందంటే టెస్టు చేయించు. మైనస్ 18లో దాని సత్తా సగానికి పడిపోతుంది, ఆయిలు చిక్కబడి ఇంజను మాత్రం ఎక్కువ బలం అడుగుతుంది. జంపర్ వైర్లతో స్టార్టు చేయాల్సి వస్తే వరస ఇది: ఎర్రది చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో ఎర్ర కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి నల్ల కొస చచ్చిన బండి ఇంజను దగ్గర రంగు లేని ఇనుముకు. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేవకూడదనే ఈ చివరిది. తీసేటప్పుడు తలకిందుల వరస.

పొద్దున వేడినీళ్ళు అద్దం మీద పోస్తే పగుళ్ళిస్తుంది. గీకేది కొను, బ్యాంకు కార్డుతో గీకొద్దు. పైకప్పు మంచూ దులుపు, లేకుంటే మొదటి బ్రేకుకే ముందద్దం మీదికి జారి పడుతుంది. లోపల ఆవిరి పడితే హీటరుతో పాటు ఏసీ వెయ్యి, లోపలి గాలే తిరిగే బటన్ ఆపెయ్.

ఇక నడపడం. తొలి వానకు గువ్వలచెరువు ఘాట్‌లో లారీల నూనె పైకి తేలి ఎట్లా జారుతుందో చూసినావు కదా, మంచు రోడ్డు అంతకంటే అధ్వానం. గడ్డ మంచు అన్నిటికంటే ముందు వంతెనల మీద పేరుకుంటుంది, కింద నుంచీ గాలి తగులుతుంది కాబట్టి. క్రూయిజ్ కంట్రోల్ వద్దు. ముందు బండి దాటిన స్తంభం నువ్వు చేరేలోపు ఎనిమిది లెక్క పెట్టు. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) ఉంటే బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకో. కాలి కింద పెడలు గరగరా అదురుతుంది, భయపడి కాలు తీయొద్దు. బండి జారితే యాక్సిలరేటరు వదిలి, పోవాల్సిన వైపే చూస్తూ అటే తిప్పు. నాలుగు చక్రాల డ్రైవు ఉందని ధీమా పడొద్దు, అది బండిని కదిలించడానికే గానీ ఆపడానికి కాదు.

ట్యాంకులో ఎప్పుడూ సగం పెట్రోలు, డిక్కీలో పార, కొంచెం ఇసుక, దుప్పటి, వేరుశనగ ఉండలు పెట్టుకో. దారిలో ఇరుక్కుంటే ముందు సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తీసెయ్, లేకపోతే విషగాలి లోపలికొస్తుంది. గంటకు పది నిమిషాలే ఇంజను వేసి, ఒక అద్దం కొంచెం దించు.

దసరాకు బండికి పూజ చేసి టైరు కింద నిమ్మకాయ పెట్టే నాటికే టైరు షాపులో టైము తీసుకో. మొదటి మంచు పడినాక వారాల తరబడి దొరకదు. మార్చినాక వంద కిలోమీటర్లు తిరిగి, చక్రాల నట్లు మళ్ళీ బిగింపించుకో. చాలాచోట్ల దానికి డబ్బు తీసుకోరు.