సమాధానం: షాట్లు పెంచినా గేటు తప్పు తగ్గడం లేదు

తమ్ముడూ, ఒక్క క్యూబిట్ (క్వాంటం కంప్యూటర్ బిట్) మీద పనిచేసే గేటుకి టోమోగ్రఫీ (గేటు నిజంగా ఏం చేస్తోందో కొలతలతో రాబట్టడం) చేస్తే, షాట్లు, అంటే ఒకే కొలతని మళ్లీ మళ్లీ చేసే సార్లు, 100 నుంచి 10,000కి పెంచినా తప్పు 3 శాతం దగ్గరే ఆగిందన్నావు. టెన్షన్ పడకు. షాట్లతో తగ్గేది కొలతల చెదురు ఒక్కటే: కొలిచే సంభావ్యత సగం దగ్గరుంటే 0.05 నుంచి 0.005కి దిగుతుంది. మిగిలింది చాలావరకు రీడౌట్‌దే, అంటే చివర క్యూబిట్‌ని చదవడంలో వచ్చే తప్పే అనుకుంటున్నాను. మన గోదావరి కాలువ మీది లొల్ల లాకుల దగ్గర నీటిమట్టం స్కేలు రెండంగుళాలు కిందికి జారిందనుకో, వందసార్లు చూసినా లెక్క తప్పే కదా!

రీడౌట్ తప్పుని పక్కనపెట్టి గేటు తప్పే తెలియాలంటే రాండమైజ్డ్ బెంచ్‌మార్కింగ్ (యాదృచ్ఛిక గేట్ల వరుసలతో సగటు తప్పు కొలవడం) చెయ్యి. 1, 10, 50, 100, 200 క్లిఫర్డ్ గేట్ల (వెనక్కి తిప్పే గేటుని సులువుగా లెక్కగట్టగల ఒక గుంపు) యాదృచ్ఛిక వరుసలు, ఒక్కో పొడవుకి ముప్ఫై వరుసలు, చివర అన్నిటినీ వెనక్కి తిప్పే గేటు. మొదటి స్థితికి తిరిగొచ్చే సంభావ్యత పొడవుతో పాటు ఘాతీయంగా పడిపోతుంది. రీడౌట్ తప్పు ఆ గీత ఎత్తునే మారుస్తుంది, పడే వేగాన్ని కాదు. ఒక్కో గేటుకి మిగిలే నిష్పత్తి ‘పి’ అయితే సగటు తప్పు (1−పి)/2. గ్రాఫు రాగానే ఇక్కడ పెట్టు, చూస్తాను.